ఎగ్ పికప్ తర్వాత సీఆర్‌పీ పెరిగితే: ఏది మామూలు, ఏది ప్రమాదం

ప్రశ్న క్లుప్తంగా: వయసు 29, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో గుడ్డు సరిగా విడుదల కాని సమస్య) ఉంది. ఐవీఎఫ్ కోసం పది రోజుల ఇంజెక్షన్ల తర్వాత 22 గుడ్లు తీశారు (ఎగ్ పికప్). మూడో రోజుకి పొట్ట ఉబ్బరం, సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు లాంటి స్పందన, ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) 24, తెల్లకణాలు 14,500. జ్వరం లేదు. ఎంబ్రియోలన్నీ ఫ్రీజ్ చేద్దామని డాక్టర్ అన్నారు. ఒంట్లో ఇంత ఇన్‌ఫ్లమేషన్ ఉంటే పిండాలు పాడవుతాయా, తగ్గడానికి నొప్పి మాత్రలో స్టెరాయిడో వేసుకోవచ్చా, పసుపు క్యాప్సూల్స్ పనికొస్తాయా?

సమాధానం:

ముందు అదే సీబీసీ (రక్తకణాల లెక్క) కాగితంలో పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) అని ఉన్న చోట అంకె చూడండి. కొన్ని ల్యాబుల్లో హెమటోక్రిట్ అని రాస్తారు. మీరు రాసిన మూడు విషయాల కంటే ఇప్పుడు అదే ముఖ్యం. 22 గుడ్లు తీసిన మూడో రోజున జ్వరం లేకుండా సీఆర్‌పీ 24, తెల్లకణాలు 14,500 ఉండడం స్టిమ్యులేషన్‌కీ (గుడ్లు పెంచే ఇంజెక్షన్లకీ), సూదికీ ఒళ్ళు స్పందించిన తీరే కావచ్చు. ఆ రెండు అంకెలతోనే ఏ నిర్ణయమూ తీసుకోలేం. రక్తంలో ఉండాల్సిన నీరు నాళాల్లోంచి కారి పొట్టలో చేరుతోందా లేదా అన్నది తేల్చాలి. నీరు బయటికి పోయిన కొద్దీ రక్తం చిక్కబడుతుంది, పీసీవీ పెరుగుతుంది.

పీసీవీ 45 దాటితే తీవ్రమైన ఓహెచ్ఎస్ఎస్ (ఇంజెక్షన్లకు అండాశయాలు అతిగా స్పందించి, నాళాల్లోంచి నీరు కారే జబ్బు) కింద లెక్క, 55 దాటితే ప్రాణాపాయం. అయితే మన దగ్గర ఒక చిక్కుంది. మన ఆడవాళ్ళలో చాలామందికి హిమోగ్లోబిన్ మొదటి నుంచీ పది, పదకొండు దగ్గరే ఉంటుంది, పీసీవీ 33 ఉంటుంది. అలాంటి మనిషికి అది 43కి చేరితే ల్యాబ్ కాగితంలో నక్షత్రం గుర్తు పడదు, బోల్డ్‌లో రాదు, నార్మల్ అనే ఉంటుంది. నిజానికి అది 30 శాతం పెరుగుదల, అంటే 45 దాటినంత పని. అందుకే ఇంజెక్షన్లు మొదలుపెట్టక ముందు తీయించుకున్న సీబీసీని వెతికి పక్కన పెట్టుకుని చూడండి. ఆ తేడాను మీ డాక్టర్‌కి మీరే చూపించండి.

ఇక సీఆర్‌పీ ఎందుకు పెరిగిందో చెప్తాను, సగం భయం అక్కడే పోతుంది. గుడ్డు విడుదలవడమే ఒక ఇన్‌ఫ్లమేషన్. ఎల్‌హెచ్ (గుడ్డు విడుదలకు మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్) ఒక్కసారిగా పెరగ్గానే ఫోలిక్యుల్‌లో (గుడ్డు పెరిగే సంచిలో) కాక్స్-2 ఎంజైమ్ పనిలోకి దిగుతుంది, ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి, ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-8 లాంటివి పెరుగుతాయి, తెల్లకణాలు వచ్చి చేరతాయి, ఫోలిక్యుల్ గోడ కరిగి పలచబడుతుంది. ఆ తర్వాతే గుడ్డు బయటికి వస్తుంది. మామూలు నెలలో ఇదంతా ఒక్క ఫోలిక్యుల్‌లో జరుగుతుంది. మీకు ట్రిగ్గర్ ఇంజెక్షన్ (పికప్‌కి ముందు గుడ్లు పక్వం కావడానికి ఇచ్చేది) తర్వాత ఇరవై పైచిలుకు ఫోలిక్యుల్స్‌లో ఒకేసారి జరిగింది. దాని మీద పికప్ సూది యోని గోడ దాటి అండాశయంలోకి వెళ్ళి ఒక్కో ఫోలిక్యుల్‌నీ గుచ్చింది. లోపల కాస్త రక్తం కారడం సహజం, అది కూడా చుట్టూ ఉన్న పొరను రేపుతుంది.

సీఆర్‌పీ కాలేయంలో తయారవుతుంది. ఒంటికి దెబ్బ తగిలిన కొన్ని గంటల్లో పెరగడం మొదలై, రెండు రోజుల దగ్గర శిఖరానికి చేరుతుంది. కారణం ఆగిపోతే దాదాపు 19 గంటలకోసారి సగానికి సగం తగ్గుతుంది. మీ పరీక్ష ఆ శిఖరం దగ్గర్లోనే జరిగింది. ఒకవేళ మళ్ళీ చేయించాల్సి వస్తే రెండు రోజుల తర్వాత, అదే ల్యాబులో చేయించండి. తగ్గుతుంటే సరే. జ్వరం లేకపోయినా పెరుగుతూ పోతే ఇన్‌ఫెక్షన్ కోసం వెతకాలి. యూనిట్ చూసుకోవడం మరవకండి. కొన్ని ల్యాబులు లీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని డెసీలీటరుకి ఇస్తాయి, పది రెట్ల తేడా వస్తుంది. ఒక చోట 24, ఇంకో చోట 2.4 అని వస్తే రెండూ ఒకటే కావచ్చు. ఇంకో మాట, హెచ్ఎస్ సీఆర్‌పీ అని గుండె జబ్బుల కోసం చేసే పరీక్ష వేరే ఉంది. దానిలో 3 దాటితే ఎక్కువ అంటారు. పికప్ అయిన వారంలో ఆ పరీక్ష చేయించి ఆ కొలతతో పోల్చుకుంటే అర్థం లేని భయమే మిగులుతుంది.

ఇప్పుడు నొప్పి మాత్రల సంగతి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్ మీ అంతట మీరు వేసుకోకండి. వోవెరాన్, కాంబిఫ్లామ్, మెఫ్టాల్ స్పాస్ అన్నీ ఈ కోవలోవే. పీరియడ్ నొప్పికి మెఫ్టాల్ స్పాస్ అలవాటున్నవాళ్ళు పికప్ నొప్పికీ అదే వేసేసుకుంటారు. గుడ్లు కొద్దిగానే వచ్చి, పొట్టలో నీరు లేనివాళ్ళకి పికప్ రోజున ఆస్పత్రిలోనే డైక్లోఫెనాక్ ఇవ్వడం ఉంది, అందులో తప్పు లేదు. మీ పరిస్థితి అది కాదు. నీరు పొట్టలోకి పోతుంటే మూత్రపిండాలకు చేరే రక్తం తగ్గుతుంది. అప్పుడు వాటిలోని నాళాలను తెరిచి ఉంచేది ప్రోస్టాగ్లాండిన్లే. ఈ మాత్రలు వాటినే ఆపేస్తాయి, మూత్రం మరింత తగ్గిపోతుంది. నొప్పికి పారాసిటమాల్ 650 మిల్లీగ్రాములు ఆరు గంటల ఎడంతో, రోజుకి నాలుగు మాత్రలు దాటకుండా చాలు. దానికి కూడా తగ్గని నొప్పి ఉంటే ఇంకో మాత్ర వెతకొద్దు, ఆస్పత్రికి వెళ్ళాలి.

పికప్‌కి ముందు రోజుల్లోనూ ఈ మాత్రలకు దూరంగా ఉండమనేది ఇంకో కారణానికి. ప్రోస్టాగ్లాండిన్లు లేకపోతే ఫోలిక్యుల్ పగలడం ఆలస్యమవుతుంది. నేచురల్ సైకిల్ ఐవీఎఫ్‌లో గుడ్డు ముందే జారిపోకుండా డాక్టర్లు ఇండోమెథాసిన్‌ని కావాలని వాడేది అందుకే. నెలనెలా సహజంగా గర్భం కోసం చూసేవాళ్ళు అండం విడుదలయ్యే రోజుల్లో ఈ మాత్రలు వరసగా వేసుకుంటే ఫోలిక్యుల్ పగలకుండానే ఉండిపోవచ్చు.

మీరు తప్పక తెలుసుకోవాల్సింది ఇంకొకటి, ట్రిగ్గర్‌గా ఏం ఇచ్చారన్నది. హెచ్‌సీజీ హార్మోన్ (5,000 లేదా 10,000 యూనిట్లు, లేదా 250 మైక్రోగ్రాముల పెన్ను) ఇచ్చి ఉంటే జాగ్రత్త చాలా ఎక్కువ కావాలి. హెచ్‌సీజీ ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది, ఉన్నంత కాలం అండాశయాలచేత వీఈజీఎఫ్ అనే పదార్థాన్ని తయారు చేయిస్తూనే ఉంటుంది. రక్తనాళాల గోడలు వదులై నీరు కారేలా చేసేది ప్రధానంగా ఆ వీఈజీఎఫ్. ఇంటర్‌ల్యూకిన్లు దానికి తోడవుతాయి. ట్రిప్టోరెలిన్ 0.2 మిల్లీగ్రాములో, ల్యూప్రోలైడో ఇచ్చి ఉంటే మీ పిట్యూటరీ నుంచే ఎల్‌హెచ్ ఒక్క ఉప్పెనలా వచ్చి రోజున్నరలోపే తగ్గిపోతుంది. ఆ ట్రిగ్గర్ పడి, ఎంబ్రియోలన్నీ ఫ్రీజ్ చేసినవాళ్ళలో తీవ్రమైన ఓహెచ్ఎస్ఎస్ చాలా అరుదు. వారం పది రోజుల్లో పీరియడ్ వస్తుంది, దాంతో పొట్ట తేలికపడుతుంది. రెండూ కలిపి డ్యూయల్ ట్రిగ్గర్ ఇచ్చి ఉంటే దాన్ని హెచ్‌సీజీ కిందే లెక్కవేసుకోండి. 1,500 యూనిట్ల చిన్న డోసుతో కూడా మీలాంటి శరీరానికి ఓహెచ్ఎస్ఎస్ రావచ్చు. డిశ్చార్జ్ కాగితంలో ట్రిగ్గర్ పేరు, డోసు, గంట రాసి ఉండాలి. లేకపోతే ఫోన్ చేసి అడిగి రాసుకోండి.

కాబెర్గోలిన్ 0.5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి, ఎనిమిది రోజులు రాసి ఉంటే మధ్యలో ఆపొద్దు. వీఈజీఎఫ్ తలుపు తట్టే చోటునే అది కాస్త మూస్తుంది. వికారం, తల తిరగడం ఉంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి. దీన్ని ట్రిగ్గర్ రోజు నుంచి మొదలుపెడితేనే పూర్తి ఉపయోగం.

ఇంట్లో చూసుకోవాల్సినవి నాలుగున్నాయి, అన్నీ ఒక కాగితం మీద రాయండి. పొద్దున లేవగానే మూత్రానికి వెళ్ళొచ్చి, కాఫీ కూడా తాగక ముందు, రోజూ ఒకే మెషీన్ మీద బరువు. బొడ్డు మీదుగా టైలర్ టేపుతో పొట్ట చుట్టుకొలత, పడుకుని, ఊపిరి వదిలాక. ఇరవై నాలుగు గంటల మూత్రం, దీనికి లీటరు గీతలున్న పాత ప్లాస్టిక్ మగ్గు ఒకటి బాత్‌రూమ్‌లో పెట్టుకుంటే సరిపోతుంది. నాలుగోది, రాత్రి వెల్లకిలా పడుకోగలుగుతున్నారా లేదా. ఒక్క రోజులో కిలో పెరిగినా, మూత్రం రోజుకి అర లీటరు కన్నా తగ్గినా, చిక్కటి టీ రంగులో వస్తున్నా అదే రోజు ఫోన్ చేయాలి. తెల్లారేదాకా ఆగే విషయం కాదు. దిండ్లు వేసుకుంటే తప్ప ఊపిరాడకపోతే ఊపిరితిత్తుల చుట్టూ కూడా నీరు చేరి ఉండొచ్చు. అలాంటప్పుడు ఫోన్‌తో సరిపెట్టుకోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి.

తాగేది దాహాన్ని బట్టి, రోజుకి రెండు నుంచి మూడు లీటర్లు. "బాగా నీళ్ళు తాగు" అని ఇంట్లో అందరూ చెప్తారు, బలవంతాన ఐదు లీటర్లు పట్టిస్తారు. ఓహెచ్ఎస్ఎస్‌లో సోడియం అప్పటికే తగ్గుతూ ఉంటుంది. ఒట్టి నీళ్ళు అతిగా పోస్తే ఇంకా పడిపోతుంది. కొబ్బరి నీళ్ళ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర రోజుకి నాలుగైదు బోండాలు తాగిస్తారు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. తీవ్రమైన ఓహెచ్ఎస్ఎస్‌లో పొటాషియం 5 దాటడం ఒక ప్రమాద సూచన. మూత్రం తగ్గినప్పుడు ఆ బోండాలు మేలు చేయవు. ఒకటి తాగితే ఫర్వాలేదు. దాని బదులు ఉప్పేసిన పల్చటి మజ్జిగ, చారు, ఉప్పు వేసిన గంజి, లీటరు నీటికి ఒక ప్యాకెట్ చొప్పున కలిపిన ఓఆర్ఎస్ నయం. గుడ్డు తెల్లసొనలు, పప్పు తినండి. వాటివల్ల నీరు కారడం ఆగదు, కానీ వాంతుల మధ్య ఒంటికి ప్రోటీన్ అందుతుంది.

పొట్టలో నీరు చేరిందని ల్యాసిక్స్ లాంటి మూత్రం మాత్రలు వేసుకోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. నీరు పొట్టలో ఎక్కువగా ఉన్నా నాళాల్లో తక్కువే. ఆ మాత్ర నాళాల్లో మిగిలిన నీటిని లాగేసి రక్తాన్ని మరింత చిక్కబరుస్తుంది. పొట్ట బిగిసి ఊపిరాడనప్పుడు స్కానింగ్‌లో చూస్తూ సూదితో నీరు తీస్తారు. ఒక లీటరో రెండు లీటర్లో తీయగానే చాలామందికి ఊపిరి తేలికపడి, మూత్రం కూడా మొదలవుతుంది. వినడానికి భయంగా ఉన్నా దానికి వెనకాడకండి.

రక్తం చిక్కబడి, దానికి ఇన్‌ఫ్లమేషన్, ఈస్ట్రోజన్ తోడైతే గడ్డలు కడతాయి. ఈ జబ్బులో గడ్డలు కాలిలోనే కాదు, మెడలో, చేతిలో కూడా కడతాయి. మెడ ఒక పక్క నొప్పి, ఒక చేయి వాపు, ఎన్నడూ లేని తలనొప్పి వస్తే మెడ పట్టేసిందని బామ్ రాసుకుని కూర్చోవద్దు. ఆస్పత్రిలో చేర్చాల్సినంత ఓహెచ్ఎస్ఎస్‌కి, రక్తం గడ్డకట్టకుండా చూసే ఎనాక్సాపారిన్ 40 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ రోజూ ఇవ్వడం మామూలు పద్ధతి. ఇంట్లో ఉన్నా పూర్తిగా మంచానికి అతుక్కుపోకుండా గదిలో తిరగండి. బరువులు ఎత్తడం, ఎగరడం, కలయిక మాత్రం వద్దు, ఎందుకంటే ఉబ్బిన అండాశయం మెలిపడొచ్చు. మెలిపడితే నొప్పి ఒక్కసారిగా ఒకే పక్కన వస్తుంది, వెంటనే వాంతులు మొదలవుతాయి. మొదటి గంటల్లో సీఆర్‌పీ మామూలుగానే ఉండొచ్చు, డాప్లర్ స్కాన్‌లో రక్తప్రసారం కనిపించినా మెలి లేదని చెప్పలేం. గంటలు గడిచిన కొద్దీ అండాశయం పోతుంది.

ఇన్‌ఫెక్షన్ అయితే తీరు వేరు. పికప్ వల్ల కటిభాగంలో ఇన్‌ఫెక్షన్ రావడం నూటికి ఒకరికన్నా తక్కువ. చాక్లెట్ సిస్ట్ (అండాశయంలో పాత రక్తం నిండిన తిత్తి) ఉన్నవాళ్ళకి, సూది ఆ సిస్ట్‌లోంచి వెళ్ళినవాళ్ళకి అవకాశం ఎక్కువ. జ్వరం 100.4 దాటడం, చలి, దుర్వాసనతో తెల్లబట్ట, రోజురోజుకీ పెరిగే నొప్పి దాని గుర్తులు. చీము గడ్డ కొందరిలో రెండు మూడు వారాల తర్వాత బయటపడుతుంది, అప్పటికి పికప్ సంగతే మర్చిపోయి ఉంటారు. ఓహెచ్ఎస్ఎస్‌లో తెల్లకణాలు 15,000 దాటడం ఇన్‌ఫెక్షన్ లేకుండానే జరుగుతుంది కాబట్టి ఆ అంకె ఒక్కదాన్నే చూసి యాంటీబయాటిక్స్ మార్చడం సరి కాదు.

పిండాల గురించి మీరు బెంగపడుతున్నారు. అవి ఇప్పుడు మీ ఒంట్లో లేవు, ల్యాబ్ ఇన్‌క్యుబేటర్‌లో ఉన్నాయి. మూడో రోజు మీ రక్తంలో పెరిగిన సీఆర్‌పీ వాటిని తాకదు. ఫ్రీజ్ చేయడానికి అసలు కారణం మీ భద్రత. ఇప్పుడే ట్రాన్స్‌ఫర్ చేసి గర్భం వస్తే ఆ గర్భమే హెచ్‌సీజీని తయారు చేస్తుంది, ఓహెచ్ఎస్ఎస్ రెండో విడత, మొదటిదానికన్నా ఘాటుగా, వారాల తరబడి ఉంటుంది. కవలలైతే ఇంకా ఎక్కువ. చైనాలో పీసీఓఎస్ ఉన్న 1,508 మంది మీద చేసి 2016లో ప్రచురించిన పరీక్షలో ఓహెచ్ఎస్ఎస్ తాజా ట్రాన్స్‌ఫర్‌లో 7.1 శాతం, ఫ్రీజ్ చేసినవాళ్ళలో 1.3 శాతం. బిడ్డ పుట్టినవాళ్ళు తాజా ట్రాన్స్‌ఫర్‌లో 42 శాతం, ఫ్రీజ్‌లో 49.3 శాతం. మీ డాక్టర్ సలహా సరైనది, ఇప్పుడే ట్రాన్స్‌ఫర్ చేయమని ఒత్తిడి చేయకండి. 1978లో కోల్‌కతాలో టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టడానికి డాక్టర్ సుభాష్ ముఖర్జీ చేసింది కూడా ఇలాంటిదే, ఇంజెక్షన్లతో గుడ్లు పెంచి, పిండాన్ని ఫ్రీజ్ చేసి, మరో నెలలో గర్భాశయంలో పెట్టారు. అప్పుడు ఆయన్ని నమ్మినవాళ్ళు లేరు. ఇవాళ మీలాంటి వాళ్ళను కాపాడుతున్నది ఆ దారే.

స్టెరాయిడ్ గురించి గట్టిగానే చెప్తాను. ప్రెడ్నిసొలోన్ 5, 10 మిల్లీగ్రాములు, వైసోలోన్ పేరుతో, "ఇన్‌ఫ్లమేషన్ తగ్గి పిండం అంటుకుంటుంది" అని చాలా చోట్ల రాసేస్తున్నారు. పదే పదే ట్రాన్స్‌ఫర్ విఫలమైన 715 మంది మీద చైనాలో చేసి 2023లో ప్రచురించిన పరీక్షలో ప్రెడ్నిసోన్ 10 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్ళలో బిడ్డ పుట్టడం పెరగలేదు, నెలలు నిండని కాన్పులు పెరిగాయి. పిండం గర్భాశయ పొరలో కుదురుకోవడానికి అక్కడ కొంత ఇన్‌ఫ్లమేషన్ అవసరం కూడా. లూపస్ లాంటి, రోగనిరోధక శక్తి సొంత ఒంటినే దెబ్బతీసే జబ్బు ఉన్నవాళ్ళ సంగతి వేరు. మీకు అలాంటిదేమీ లేకపోతే ఎందుకు రాస్తున్నారో అడగండి. కూరలో పసుపు, పాలల్లో చిటికెడు పసుపు నిరభ్యంతరంగా తీసుకోండి. కర్క్యుమిన్ క్యాప్సూల్స్ పికప్‌కి ముందు తర్వాత వద్దు, పెద్ద డోసులో అవి రక్తం గడ్డకట్టే తీరు మీద ప్రభావం చూపొచ్చు, ఎనాక్సాపారిన్ పడుతున్నప్పుడు అసలే వద్దు.

చాలామంది అడిగేది ఇంకొకటుంది, సెట్రోరెలిక్స్ (గుడ్లు ముందే విడుదల కాకుండా ఇచ్చే యాంటగోనిస్ట్ మందు) ఇంజెక్షన్ చేసిన చోట ఎర్రబడి దద్దురు లేవడం. అది ఆ చోట చర్మం స్పందించడమే, సాధారణంగా గంటలోపు తగ్గుతుంది. మందు గది వేడికి వచ్చాక, స్పిరిట్ పూర్తిగా ఆరాక, రోజుకో పక్కన గుచ్చితే తక్కువగా ఉంటుంది. ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు వాచడం, ఊపిరి అందకపోవడం ఉంటే మాత్రం ఎమర్జెన్సీకే.

మళ్ళీ స్టిమ్యులేషన్ అవసరమైతే ఈ సైకిల్ కాగితాలు దాచుకుని ఇవి మాట్లాడండి. మొదలుపెట్టే డోసు 100 నుంచి 150 యూనిట్ల మధ్య ఉండొచ్చా. యాంటగోనిస్ట్ పద్ధతో, ప్రొజెస్టిన్ మాత్రలతో చేసే పద్ధతో ఎంచుకుంటారా. పాత లాంగ్ ప్రోటోకాల్ (ముందు నుంచే పిట్యూటరీని అణిచే ఇంజెక్షన్లతో చేసే పద్ధతి) అయితే పిట్యూటరీ అప్పటికే అణిగి ఉంటుంది కాబట్టి ట్రిప్టోరెలిన్ ట్రిగ్గర్ పని చేయదు, హెచ్‌సీజీయే గతి అవుతుంది. అందుకే ట్రిగ్గర్ ఏది ఇస్తారన్న నిర్ణయం మొదటి ఇంజెక్షన్ రోజే జరిగిపోతుంది. బరువు ఎక్కువగా ఉంటే ఐదు నుంచి పది శాతం తగ్గడం, చిగుళ్ళ వాపు ఉంటే పళ్ళ డాక్టర్ దగ్గర బాగు చేయించుకోవడం, ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతుంటే మానిపించడం, మొదటి నుంచీ ఉన్న ఇన్‌ఫ్లమేషన్‌ని తగ్గించడానికి ఇవే నిజంగా పనికొచ్చేవి.

ఇప్పుడున్న ఎంబ్రియోల ట్రాన్స్‌ఫర్‌కి కనీసం ఒక పీరియడ్ వచ్చి, స్కాన్‌లో అండాశయాలు మామూలు సైజుకి వచ్చేదాకా ఆగండి. ట్రాన్స్‌ఫర్ సైకిల్ ఏ పద్ధతిలో చేస్తారో కూడా అడగండి. 2016 పరీక్షలోనే ఫ్రీజ్ చేసినవాళ్ళకి గర్భంలో బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా 4.4 శాతం, తాజా ట్రాన్స్‌ఫర్‌లో 1.4 శాతం కనిపించింది. పూర్తిగా ఈస్ట్రోజన్ మాత్రలతో చేసే సైకిల్స్‌లో ఈ ముప్పు ఎక్కువని తర్వాత పరిశీలనలు చెప్తున్నాయి. పీసీఓఎస్‌లో లెట్రోజోల్‌తో ఒక గుడ్డు విడుదల చేయించి ఆ సైకిల్‌లోనే పెట్టడం వీలవుతుందేమో మాట్లాడండి. గర్భం వచ్చాక 12 వారాల నుంచి తక్కువ డోసు ఆస్పిరిన్ అవసరమా అన్నది మీ బరువు, బీపీ, కుటుంబ చరిత్ర చూసి మీ గైనకాలజిస్ట్ నిర్ణయిస్తారు.